దొంగకి నచ్చని ఇల్లు

ఆ వీధిలో ఆయన్ని అందరూ ‘షోరూం’ అనేవారు. ఉద్యోగం బస్సు డిపోలో, విడిభాగాల గది గుమాస్తా. పగలంతా బోల్టులూ బేరింగులూ అప్పగించి సంతకాలు పెట్టించుకోవడం. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఆయన హోదా వేరు. ముందు గదిలో గోడంత టీవీ, దానికి చెరో పక్కా మనిషెత్తు స్పీకర్లు, అద్దాల బీరువాలో ఆరు వెండి గ్లాసులు. ఫ్రిజ్ వంటింట్లో పెడితే చూసేదెవరని దాన్నీ ముందు గదిలోనే పెట్టించాడు. ధర చీటీ పీకడం మర్చిపోయినట్టు అలాగే ఉంచాడు. భార్యకి పెరుగు కావాలంటే రెండు గదులు దాటి రావాలి. వస్తే ఏం, కాళ్లకి వ్యాయామం అనేవాడు.

ఇన్ని ఉన్నా ఆయన మనసులో ఓ ముల్లు ఉంది. నిరుడు మేడ ఇంటి కాంట్రాక్టరు ఇంట్లో దొంగలు పడ్డారు. వారం రోజులు ఆ గుమ్మం ముందు కార్లు ఆగాయి. కాంట్రాక్టరు గేటుకి ఆనుకుని, వచ్చిన వాళ్లందరితో తాపీగా, “పోయింది వస్తువులేగా, మనుషులం బాగున్నాం” అన్నాడు. అది విన్న రోజు షోరూంకి అన్నం సహించలేదు. అంత గొప్ప మాట అనాలంటే ముందు ఇంట్లో దొంగ పడాలి. ఆ భాగ్యం అందరికీ పడుతుందా?

పట్టింది. ఓ ఆదివారం భార్యాభర్తలిద్దరూ ఆవిడ అక్కగారింటికి వెళ్లి పొద్దు వాలేవేళకి తిరిగొచ్చేసరికి పెరటి తలుపు గడియ ఊడి ఉంది. షోరూం ముందు గదిలోకి పరిగెత్తాడు. టీవీ ఉంది. స్పీకర్లున్నాయి. ఫ్రిజ్ ఉంది. ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత, ఎందుకో తెలియకుండానే, మొహం ముడుచుకుపోయింది.

గ్లాసులు కూడా ఉన్నాయి, కానీ బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున మేకుతో గీసిన గీత. గీత లోపల వెండి లేదు, పసుప్పచ్చగా వేరే ఏదో ఉంది. ఆరూ గీసి చూసి, మళ్లీ వరసగా సర్ది, బీరువా తలుపు వేసి మరీ వెళ్లాడు ఆ మర్యాదస్థుడు.

పడగ్గదిలో మంచం మీద, భార్య బీరువాలో దాచి వెళ్లిన గొలుసు పడి ఉంది. పెళ్లయిన పదేళ్లకి షోరూం ముచ్చటపడి తెచ్చిచ్చింది. కొక్కెం దగ్గర రుద్దిన చోట రాగి ఎర్రగా నవ్వుతోంది.

ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. “ఏమండీ, ఇది మూడు తులాలన్నారు.”

“మూడు తులాలే. తూకంలో మోసం లేదు.”

“తూకం సంగతి కాదు నేనడిగేది.”

షోరూం ఫ్యాను వంక చూశాడు. ఆవిడ గొలుసు మంచం మీదే వదిలేసి వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణించే చెప్పింది, “కుక్కరు పోయింది. దాన్ని చుట్టుకోడానికి కాబోలు, ఓ దుప్పటి కూడా. ఇంట్లో పనికొచ్చేది ఏదో వాడికి బాగానే తెలిసింది.”

ఈలోగా ఊడిన గడియ చూసి పక్కింటి లైన్‌మన్ పెరట్లోకి వచ్చాడు. “అయ్యో, ఏం పోయిందన్నా?”

కుక్కరు అందామని షోరూం నోరు తెరిచాడు. నాలుక తిరగలేదు. కాంట్రాక్టరు ఇంట్లో దొంగతనమేమిటి, తన ఇంట్లో కుక్కరేమిటి?

“ఏం పోలేదో అడుగు తమ్ముడూ,” అన్నాడు.

అన్నాక ఇక తప్పదు కదా. లైన్‌మన్ వీధిలోకి వెళ్లి నలుగురికీ చెప్పేలోగా తలుపులన్నీ బిగించి, నడుం పట్టేసినా లెక్కచేయకుండా టీవీ, స్పీకర్లు, గ్లాసులు, మంచం మీది గొలుసుతో సహా అటకెక్కించాడు. ఫ్రిజ్ ఎక్కలేదు. దాన్ని మాత్రం దొంగలు మోయలేక వదిలేశారు.

మర్నాటి నుంచి పరామర్శలు. కాంట్రాక్టరు దంపతులు మొట్టమొదటిసారి ఆ గుమ్మం తొక్కారు. షోరూం ద్వారబంధానికి ఆనుకుని, ఏడాదిగా లోపల దాచుకున్న మాట తాపీగా బయటికి తీశాడు. “పోయింది వస్తువులేగా, మనుషులం బాగున్నాం.”

“పోలీసులకి చెప్పారా?” అన్నాడు కాంట్రాక్టరు.

“ఎందుకు లెండి, వాళ్లకి మాత్రం వేరే పనుల్లేవూ.”

కాంట్రాక్టరు భార్య షోరూం భార్య బోసి మెడ వంక చూసి, “గొలుసు ఎన్ని తులాలు వదినా?” అని అడిగింది.

“ఆయన్నడగండి వదినా. దాని సంగతి ఆయనకే బాగా తెలుసు.”

“ఐదు,” అన్నాడు షోరూం. అటక మీదున్న గొలుసు రాత్రికి రాత్రి రెండు తులాలు పెరిగింది.

“అయితే మళ్లీ ఎప్పుడు చేయిస్తున్నారు?” అన్నాడు కాంట్రాక్టరు. “మా ఆవిడకి నేను నెల తిరక్కుండా చేయించాను.”

“చేయించకేం. ఈ నెల్లోనే.”

టీ పట్టుకొచ్చిన భార్య కాంట్రాక్టరు వైపు తిరిగి, “మీరు విన్నారుగా అన్నయ్యగారూ,” అంది. అంతే. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తవలసిన అవసరం వీధిలో ఎవరూ కలిగించలేదు. కనిపించిన ప్రతివాడూ “గొలుసు చేయించారా?” అని షోరూంనే అడుగుతున్నాడు.

కారు కొందామని ఏళ్ల తరబడి బ్యాంకులో దాచిన సొమ్ము బయటికి వచ్చింది. ఈసారి కొట్టుకి ఆవిడ కూడా వెళ్లింది. నగ గీయించింది, తూకం వేయించింది, రసీదు తనే మడిచి సంచిలో పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో కొత్త కుక్కరు కూడా కొంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్నవాడు షోరూం.

ఇంట్లో వినోదం లేక ఆయన సాయంత్రాలు లైన్‌మన్ ఇంటి కిటికీ దగ్గర నిలబడి మ్యాచ్ చూసేవాడు. అటక మీది టీవీకి మాత్రం నెల నెలా వాయిదా కడుతూనే ఉన్నాడు. ఆఖరికి ఉండబట్టలేక ఓ రోజు దాన్ని దింపి, తుడిచి, కొత్తది కొన్నానని వీధిలో చెప్పాడు. లైన్‌మన్ వచ్చి చూసి, “అచ్చం పోయిందానిలాగే ఉందన్నా. మూల మీద ఆ గీత కూడా,” అన్నాడు. ఆ మోడల్‌కి గీత కంపెనీవాళ్లే పెడతారని షోరూం వివరించాడు.

గొలుసుతోనే చిక్కొచ్చింది. ఆవిడ దాన్ని రవిక లోపలికి వేసుకుని పైట కప్పుకునేది.

“కాస్త పైకి వేసుకోవే,” అన్నాడొకనాడు, బతిమాలుతున్నట్టు. “కాంట్రాక్టరు గారి ఆవిడ వస్తోంది.”

“దొంగలు తిరిగే వీధండీ.”

“అంత డబ్బు పోశానే. ఒక్కరైనా చూడొద్దూ?”

“నేను చూసుకుంటున్నానుగా. రోజూ.”

కాంట్రాక్టరు భార్య వచ్చింది. గంటసేపు కూర్చుని తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి, టీ తాగి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో ఎవరి మెడా ఆవిడ చూడలేదు.