వాగు ముందు ఆగిన పాలకుర్తి బస్సు

బస్సు సర్వీసులు ఎలా ఉన్నాయో అంచనా వేసే ఒక చిన్న సంస్థలో ఏడాదిపాటు పనిచేశాను. బస్సెక్కాలి. వేళకు వచ్చిందా, శుభ్రంగా ఉందా, ప్రయాణం భద్రంగా అనిపించిందా అని ప్రయాణికులను అడిగి, ఐదుకు ఎన్ని మార్కులో ఫారంలో రాయాలి.

ఆ వానాకాలం ఓ మధ్యాహ్నం జనగామలో పాలకుర్తి బస్సెక్కాను. రెండు రోజులుగా ముసురు. నా చేతిలో ఫారాలు చూసి డ్రైవర్ ముఖం మారింది. అప్పటికే బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం.

దేవరుప్పుల దాటాక వాగు రోడ్డు మీదుగా పారుతోంది. వంతెన అంచు రాళ్లు కనిపించడం లేదు. డ్రైవర్ బస్సు ఆపాడు.

"మోకాళ్ల లోతు గూడ లేదు, పోనియ్యన్నా" అన్నారు వెనకనుంచి ఎవరో.

అతను అద్దంలో నావైపు చూశాడు. "మేడం, గిక్కడ ఆగితే లేటని రాస్తరా?"

"రాయాలె గదా అన్నా" అన్నాను, ఆలోచించకుండానే.

అతను గేరు మార్చాడు. ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి. నీళ్లు బస్సు అడుగున కొట్టుకోవడం నా పాదాలకు తెలుస్తోంది. బస్సు కొంచెం పక్కకు జరిగినట్టయింది. పక్క సీట్లోని అవ్వ గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది. ఈ బస్సుకు ఏమైనా అయితే కారణం నా మాటే.

"అన్నా, వద్దు" అన్నాను. అతనికి వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. "ఎనకకు తియ్యన్నా. ఎంత లేటైనా మంచిదే. నేను జెప్పుకుంట."

కండక్టరమ్మ వెనక కిటికీలోంచి చూస్తూ విజిల్ వేస్తుంటే అతను మెల్లగా వెనక్కి తీశాడు. నీళ్లు లేని రోడ్డు మీదికి వచ్చాక స్టీరింగు మీద తల వాల్చాడు.

"నాకు గూడ భయమైంది మేడం. మొన్న లేటైతే సంజాయిషీ అడిగిన్రు."

చుట్టు దారిన పాలకుర్తి చేరేసరికి గంటన్నర ఆలస్యం. ఫారంలో కారణం రాసే గడి లేదు. ఫోన్ చేస్తే మా సూపర్‌వైజర్, "మనకు నిమిషాలే గావాలె" అన్నాడు. నిమిషాలు రాశాను. జరిగిందంతా కాగితం వెనక రాసి, ఒక నకలు డిపోకు నేనే తీసుకెళ్లాను. మేనేజర్ నిలబడే చదివాడు.

"ఆయన్నేమనం లేమ్మా. పానాలు కాపాడిండు" అన్నాడు.

తర్వాతి నెల నన్ను మహబూబాబాద్ వైపు పంపారు. చినుకు మొదలైతే చాలు, ముందు వాగు ఉందా అని పక్కవాళ్లను అడిగేదాన్ని. రెండుసార్లు, ఉందని చెప్పగానే ప్రశ్నలు సగంలో వదిలేసి దిగిపోయాను.