తల లేని ఫొటోల హొరేస్

హొరేస్ ప్లమ్లీ ఫొటో తీశాడంటే అందులో తల ఉండదు. మనిషైతే మెడ దాకా, చర్చి అయితే తలుపు దాకా, గుర్రమైతే కళ్ళెం దాకా. ఆ పైన ఏముందో కావాలంటే స్వయంగా వెళ్ళి చూసుకోవలసిందే. వైట్‌చాపెల్ సందుల్లో ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. పాదిరీ గారు పదవి విరమించిన రోజున హొరేస్ ఎంతో శ్రద్ధగా తీసిన చిత్రంలో ఒక పొట్ట, దాని మీద గడియారపు గొలుసు మాత్రమే వచ్చాయి. అయినా దానికి చట్రం కట్టించి చర్చి గోడకి తగిలించారు. ఆ పొట్ట ఎవరిదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అంతటి పొట్ట ఆ పేటలో ఇంకొకరికి లేదు.

క్వీనీ బాసెట్‌కీ ఈ సంగతి తెలుసు. అయినా కూతురు డోరిన్ పెళ్ళికి తక్కువలో తీస్తాడు కదా అని హొరేస్‌ని పిలిచింది. ఫొటోలు చేతికొచ్చాక నడివీధిలో పట్టుకుంది.

"ఇదేంటయ్యా హొరేస్! పెళ్ళికూతురి మొహమేదీ?"

"పూలగుత్తి బాగా వచ్చింది, క్వీనీ గారూ."

"నేను పెళ్ళి చేసింది పూలగుత్తికా?"

"పెళ్ళికొడుకు బూట్లు చూడండి. ఎంత మెరుపో!"

"రేపు మనవలు పుట్టి మా నాన్న ఏడని అడిగితే, ఈ బూట్లేరా అని చూపించాలా?"

హొరేస్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని తల వంచాడు. అతను అలా నిలబడితే ఎవరికీ తిట్టబుద్ధి కాదు. క్వీనీకి మాత్రం అయింది. మరో పావుగంట తిట్టి, ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది.

నిజానికి పెళ్ళిళ్ళు అతని అసలు పని కాదు. విక్టోరియా రాణి కాలంలో, ఆ పేటలోనే, సేరా డిగ్బీ అనే చాకలి పని చేసుకునే ఆడమనిషిని ఎవరో గొంతు కోసి చంపారు. చంపినవాడు దొరకలేదు. దొరకలేదు కాబట్టే ఎనభై ఏళ్ళు దాటినా జనానికి ఆ ముచ్చట తీరలేదు. ఆవిడ ఆఖరిసారి తాగిన సారాయి కొట్టు, అద్దె పక్క దొరకక వెనక్కి తిరిగిన సత్రం, ఎవరితోనో మాట్లాడుతూ కనబడిన మలుపు, వీటన్నిటినీ మునిసిపాలిటీ కూల్చేసేలోపు ఫొటోలు తీసిపెట్టడం హొరేస్ తన మీద వేసుకున్న భారం. ప్రతి ఆదివారం కెమెరా, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ళ కర్రా, నల్లగుడ్డా భుజాన వేసుకుని బయలుదేరేవాడు. ప్రతి చోటా టోపీ తీసి ఒక నిమిషం మౌనంగా నిలబడేవాడు. పాల బండివాడు అటుగా వస్తే వాడి చేత కూడా టోపీ తీయించేవాడు.

"మెల్లిగా మాట్లాడండి. ఆవిడ ఇటే నడిచి వెళ్ళింది."

"వెళ్ళి ఎనభై ఏళ్ళయింది కదయ్యా," అనేది క్వీనీ. "వెనక్కొచ్చి నీ కెమెరాలో పడుతుందేమోనని చూస్తున్నావా? పడినా నువ్వు తల రానివ్వవుగా!"

అన్నిటికంటే ఎక్కువసార్లు తీసింది హార్న్‌పైప్ సందులోని గోదాము గోడని. శవం దొరికింది ఆ గోడ కిందేనని తేల్చి చెప్పినవాడూ హొరేసే. పాత పత్రికలు ఆ సందు వెనకాల ఏదో వాకిట్లో అని మాత్రమే రాసి ఊరుకున్నాయట. అతని మాట పట్టుకుని వేసవి ఆదివారాల్లో జనం గుంపులుగా వచ్చి ఆ గోడని తడిమి, నిట్టూర్చి, సారాయి కొట్టుకి వెళ్ళిపోయేవారు. అతని ఫొటోలు కొనుక్కుని భూతద్దాలు పెట్టి చూసేవాళ్ళు కూడా ఉన్నారు. గోడకి పై భాగం ఏ ఫొటోలోనూ ఉండేది కాదు.

క్వీనీ ఆ గోడ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా లోలోపల నవ్వుకునేది. ఆ నవ్వు వెనక పెద్ద బరువే ఉంది. సేరా డిగ్బీ చచ్చిపోయింది ఆ గోడ కింద కాదు. సందు పక్క కమాను దాటితే వచ్చే థింబుల్ యార్డు అనే వాకిట్లో, నీళ్ళ పంపు ఎదురుగా, క్వీనీ ఇంటి వెనక మెట్టు మీద. తల్లి పోయే ముందు ఆ మాట క్వీనీ చెవిలో వేసి, చెల్లెలికి మాత్రం చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది.

చెల్లెలు ఈడీ యుద్ధంలో బాంబు పడి కూలిన ఇంటి కింద ఒక రాత్రంతా ఉండిపోయింది. బయటికి తీశాక ప్రాణం వచ్చింది కానీ ధైర్యం రాలేదు. బస్సంటే భయం, ఉరుమంటే భయం, మూసిన తలుపంటే భయం, పిల్లల బుడగలన్నా భయమే. భయం లేనిది ఒక్క ఆ మెట్టు మీదే. పొద్దున్నే దాన్ని కడిగి, ఒక జెరేనియం పూల కుండీ పక్కన పెట్టుకుని, పిల్లిని ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. ఆ మెట్టు సంగతి తెలిస్తే ఈడీకి ఈ లోకంలో కూర్చోవడానికి చోటే మిగలదు. అందుకే హొరేస్ లాంటి తెలివితక్కువ వాణ్ణి తమ సందుకి పంపినందుకు క్వీనీ దేవుడికి రోజూ దండం పెట్టుకునేది.

ఒక ఏడాది జూన్‌లో గోదాము వాళ్ళు గోడ మసి కడిగించారు. ఆదివారం నాడు క్రాబ్‌ట్రీ అనే ఆయన పాతిక మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన నేరచరిత్ర మీద ఉపన్యాసాలిస్తాడు. పొడుగు మనిషి, పైగా తల ఎత్తి చూసే అలవాటున్నవాడు.

"ప్లమ్లీ గారూ, ఆ పైన ఉన్న రాయి చూశారా?"

"నేను పైకి చూడనండీ," అన్నాడు హొరేస్. "నా సంగతి అందరికీ తెలిసిందేగా."

"1894 అని చెక్కి ఉంది. అది గోడ కట్టిన ఏడాది. హత్య జరిగింది 1887లో. ఇంకా కట్టని గోడ కింద శవం ఎలా దొరికిందండీ?"

గుంపంతా గొల్లున నవ్వింది. హొరేస్ చెవులు ఎర్రబడ్డాయి.

"పొరబడ్డానేమో."

"ఇరవై ఏళ్ళపాటా?"

"నేను కాస్త నిదానమండీ."

"సరే, అసలు చోటు ఈ వెనక వాకిళ్ళలోనే ఎక్కడో ఉంటుంది. ఒక మెట్టు, ఒక నీళ్ళ పంపు ఉండేవని ఎవరో సాక్షి చెప్పినట్టు చదివాను. పదండి, వెతుకుదాం."

కూరల సంచీతో ఇంటికొస్తున్న క్వీనీ కమాను దగ్గర ఆగిపోయింది. లోపల ఈడీ మెట్టు మీద బఠాణీలు ఒలుస్తూ కూనిరాగం తీస్తోంది. ఎదురుగా ఆ పాత పంపు ఇంకా అలాగే ఉంది.

క్వీనీ కంటే ముందు హొరేస్ కదిలాడు. మూడు కాళ్ళ కర్ర తెచ్చి కమానుకి అడ్డంగా నిలబెట్టి, ఎవరూ దూరకుండా దాని కాళ్ళు బార్లా చాపాడు.

"కాస్త ఆగండి. ఇక్కడొక ఫొటో తీయాలి."

"ఇక్కడేముందని?"

"వెలుతురు బాగుంది."

అప్పుడు ఆకాశమంతా దట్టంగా మబ్బు పట్టి ఉంది. హొరేస్ నల్లగుడ్డ ఎత్తబోతూ ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు. పంపుని కాదు, మెట్టుని కాదు, ఈడీని చూశాడు. ఆ చూపు క్వీనీ కంటపడింది. ఇన్నేళ్ళూ తను తెలివితక్కువవాడనుకున్న మనిషికి అంతా తెలుసని ఆ క్షణంలో అర్థమై, ఆమెకి సిగ్గేసింది.

వెంటనే సంచీ కింద పెట్టి గొంతు పెంచింది.

"ఎవరయ్యా మా గోడని కొత్తదన్నది?"

"రాయి మీద ఏడాది ఉందండీ, మేడమ్," అన్నాడు క్రాబ్‌ట్రీ.

"ఉండదా మరి! పాత గోడ వానకి కూలితే అదే పునాది మీద దీన్ని లేపారు. శవాన్ని మా అమ్మమ్మ కళ్ళారా చూసింది. ఇదిగో, ఇక్కడ. పాదాలు ఇటు, తల అటు."

"పాత గోడ ఒకటుండేదా? ఎక్కడా రాయలేదే!"

"గోడ కూలితే పత్రికలో వేస్తారా? మా పేటలో మనుషులు కూలినా వేసేవారు కాదు. ఏమయ్యా హొరేస్, నీకు చెప్పలేదూ నేను?"

హొరేస్ టోపీ గుండెకి ఆనించుకున్నాడు. "చెప్పారు క్వీనీ గారూ. నేనే మరిచిపోయాను."

"విన్నారుగా! ఈయనకి తలకాయలే గుర్తుండవు, గోడలేం గుర్తుంటాయి?"

జనం నవ్వారు. పునాది అనే మాట క్రాబ్‌ట్రీకి బాగా నచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని గోడ అడుగు రాళ్ళని నిమిరి, అవి చాలా పాతవేనని అందరికీ చెప్పాడు. తర్వాత గుంపు మొత్తం మామూలుగానే సారాయి కొట్టుకి కదిలింది.

ఈడీ లోపలి నుంచి భయంభయంగా పిలిచింది. "అక్కా, ఏంటా గోల? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు పిల్లా. ఏదో గోడ గొడవ. నువ్వు బఠాణీలు చూసుకో."

క్వీనీ హొరేస్‌ని వంటింట్లో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, టీ పోసింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచే. ఆ సాక్షి మాటలు పట్టుకుని నేరుగా మీ ఇంటికే వచ్చాను. మీరు లేరు. ఈడీ గారు తలుపు తీసి, రొట్టెకి వెన్నలా మాంసం కొవ్వు రాసిచ్చి, ఆ మెట్టు మీదే కూర్చోమన్నారు. లండన్ మొత్తంలో నాకు భయం వేయనిది ఇక్కడొక్కచోటే, మీరూ కూర్చోండి అన్నారు. ఇంక నేనేం అడగను? పోయిన ఆవిడకి మనం చేయగలిగింది టోపీ తీయడం వరకే. బయటికొస్తే ఎదురుగా ఆ గోడ కనబడింది. అదే చోటని చెప్పేశాను. తీరా ఫొటో తీశాక పైన రాయి ఉందని తెలిసింది. మసిలో మన కంటికి ఆనకపోయినా భూతద్దానికి ఆనుతుంది. అందుకని పైభాగం రానివ్వలేదు."

"గోడ సరే. మరి మా డోరిన్ తల ఏం చేసింది?"

"ఒక్క గోడకే తల లేకపోతే అనుమానం రాదూ?"

క్వీనీకి ఇరవై ఏళ్ళుగా పేటంతా నవ్విన నవ్వులు, తను నడివీధిలో పెట్టిన తిట్లు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. నెపం వేయడానికి దగ్గర్లో ఉల్లిపాయలేవీ లేవు కనుక ముక్కు గట్టిగా చీది, జలుబని చెప్పింది.

"లే! మా అక్కాచెల్లెళ్ళకి ఆ మెట్టు దగ్గర ఒక ఫొటో తీయి. ఈసారి సరిగ్గా తీయాలి. తెలిసిందా?"

ఈడీ పిల్లిని ఎత్తుకుని మెట్టు మీద కూర్చుంది. క్వీనీ జుట్టు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి టోపీ పెట్టుకుని, వెనకాల నిటారుగా నిలబడింది. హొరేస్ చాలాసేపు నల్లగుడ్డ కిందే ఉన్నాడు.

వారం తర్వాత ఫొటో వచ్చింది. ఈడీ మొహం నుదుటి దాకా, నవ్వుతో సహా, ఎంతో అందంగా పడింది. పిల్లి చెవులు కూడా పడ్డాయి. వెనకాల క్వీనీ గౌను బొత్తాలు మెడ దాకా ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి.

"అలవాటైపోయిందండీ," అన్నాడు హొరేస్, టోపీ గుండెకి ఆనించుకుని.

క్వీనీ ఆ ఫొటోకి చట్రం కట్టించి, డోరిన్ పెళ్ళి పూలగుత్తి పక్కనే తగిలించింది.