దొర ముట్టని తుపాకి

1979 వర్షాకాలంలో నన్ను హైదరాబాద్ పురావస్తు ప్రయోగశాల నుంచి హన్మకొండకు డిప్యుటేషన్ మీద పంపారు. హోదా కన్జర్వేషన్ అసిస్టెంట్. అంటే పాత వస్తువుకు పట్టిన తుప్పునూ బూజునూ తీసి, అది ఇంకా పాడవకుండా చూసే ఉద్యోగం. దాన్ని కొత్తదిగా చేసే ఉద్యోగం కాదు. ఈ చివరి మాట సర్వీసంతా చెబుతూనే వచ్చాను, ఒక్కరికీ చెవికెక్కలేదు.

నేను వెళ్లింది ఒక ట్రస్టు వారు కొత్తగా పెడుతున్న చిన్న మ్యూజియానికి. దాని సెక్రటరీ పత్తి, మిర్చి కమీషన్ వ్యాపారి. మంచి మాటకారి. పాత వస్తువంటే ఆయన లెక్కలో ఇంకా పాలిష్ పెట్టని వస్తువు. నేను చేరేలోపే ఒక పాత కత్తిని స్టేషన్ రోడ్డు షాపులో ఇచ్చి నికెల్ పూత వేయించాడు. అది అచ్చం హోటల్ చెంచాలా తయారైంది. వచ్చినవాళ్లకు దాన్నే ముందు చూపించేవాడు.

దసరా ముందు మంత్రిగారి చేత ప్రారంభోత్సవం అనుకున్నారు. అప్పుడే ములుగు వైపు నుంచి, కోటలాంటి గడి ఉన్న ఒక దొర తన తాతల నాటి రైఫిల్‌ను మ్యూజియానికి ఇస్తానని ముందుకొచ్చాడు. దొర కారులో వచ్చాడు. తుపాకి మాత్రం పాత ధోవతిలో చుట్టుకుని, ఆయన జీతగాడు మల్లయ్యతో పాటు బస్సులో వచ్చింది. మల్లయ్యకు యాభై ఏళ్లుంటాయి. తుపాకిని రెండు చేతులా పట్టుకుని మూల నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

అది మూతి నుంచి మందు కూరే రకం. మన పల్లెల్లో భర్మార్ అంటారు. అయితే మామూలు భర్మార్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని లోపల సన్నటి కాలువల్లా మెలితిరిగిన గాళ్లు ఉన్నాయి, అందుకే ఇది రైఫిల్. గొట్టం వెనక నిపుల్ అనే చిన్న మొన, దానికి సన్నటి రంధ్రం ఉంటాయి. ఆ మొన మీద మందు పూసిన రాగి టోపీ పెడతారు. సుత్తి పడితే టోపీ పేలి, నిప్పు ఆ రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. ఇదంతా దొర, సెక్రటరీ ఇద్దరూ కలిసి నాకే నేర్పించారు. ఆడమనిషికి తుపాకి ఏం తెలుస్తుందని వాళ్ల జాలి. మా నాన్న డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే ఫిట్టర్. పానా పట్టుకోవడం నాకు ఇంట్లోనే వచ్చింది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు, దండగని.

వాళ్లు అడిగిన పని చిన్నది. గడిలో ఏటా దసరా నాడు జమ్మికి బయలుదేరే ముందు ఈ తుపాకికి పూజ చేస్తారు. పూజయ్యాక మల్లయ్య ఒట్టి టోపీ పెట్టి కొడతాడు, టప్పుమంటుంది. మంత్రిగారి ముందు కూడా అలాగే కొట్టించాలని దొర సరదా. కానీ ఈ మధ్య టోపీ సరిగ్గా కూర్చోవడం లేదు. చూస్తే నిపుల్ నిండా పసుపు, కుంకుమ, గంధం, నూనె ఏళ్ల తరబడి పేరుకుని లక్కలా గట్టిపడ్డాయి. పూజను నేను తప్పుపట్టను. తర్వాత తుడవకపోవడాన్ని పడతాను.

సెక్రటరీకి తొందర. "మందు లేదు, గుండు లేదు, ఒట్టి టోపీనే గద మేడమ్. జర ఆ రంధ్రం గెలికితే అయిపాయె," అన్నాడు.

గెలకనన్నాను. మా వృత్తిలో ఇలాంటి తుపాకి దగ్గర మొదటి పని శుభ్రం చేయడం కాదు, లోపల ఏముందో చూడడం. మందు కూరే కడ్డీని గజం అంటారు. దాన్ని అడుగుదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, పైకి తీసి, ఆ గుర్తు మూతికి సరిపోయేలా గొట్టం పక్కన బయట పెట్టి చూడాలి. ఖాళీ గొట్టమైతే గజం కొస నిపుల్ దాకా వస్తుంది. రాకపోతే లోపల ఏదో ఉన్నట్టు. ఈ తుపాకి గజం ఏదని అడిగితే, గడిలో దోమతెర కట్టడానికి వాడుతున్నామన్నాడు దొర. అలాంటి ఇంట్లో ఎవరు కొలిచి ఉంటారు?

నా దగ్గరున్న ఇత్తడి కడ్డీతో వాళ్ల ముందే కొలిచాను. నిపుల్‌కు బెత్తెడు ఇవతలే ఆగిపోయింది.

లోపల మందు కూరి ఉందని చెప్పాను. సెక్రటరీ మొహం పాలిపోయింది. దొర మాత్రం నవ్వాడు. "ఆఁ, మా నాయిన నింపిచ్చి పెట్టిండని మా అమ్మ అంటుండె. గందుకే గద నేనెన్నడు దాన్ని ముట్ట. మల్లిగాడే కొడ్తడు. ఇన్నేండ్లాయె, మందు సచ్చిపోయి ఉంటది."

మరి మల్లయ్యకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే కొడ్తడా?" అన్నాడు దొర.

మల్లయ్య అక్కడే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత నిజాయితీగా సిగ్గు లేకపోవడం నా సర్వీసులో మళ్లీ ఎక్కడా చూడలేదు.

వాళ్లు వెళ్లాక మల్లయ్య తుపాకి దగ్గరే ఆగాడు. "గట్లయితె ఇన్నేండ్ల సంది ఎందుకు పేలలేదమ్మా?" అని మెల్లగా అడిగాడు. నిపుల్ చూపించాను. ఏటా టోపీ నిప్పు ఆ పసుపు కుంకుమల గట్టు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు నన్ను తీసేయమన్నది సరిగ్గా దాన్నే. తీసి ఉంటే మంత్రిగారి ముందు మొదటి దెబ్బకే పేలేది. గొట్టం పాతది కాబట్టి ముందుకు పేలినా, వెనక్కి పగిలినా ఆశ్చర్యం లేదు. పగిలితే పోయేది కొట్టేవాడి చెయ్యో మొహమో. మల్లయ్య ఆ గట్టును వేలితో తడిమి చూశాడు. "పిలగాండ్లు ముంగటనే నిలవడ్తరమ్మా, సప్పుడు ఇనెతందుకు," అన్నాడు.

గొట్టాన్ని కర్ర నుంచి విడదీసి, తోలు పెట్టి వైస్‌లో బిగించాను. మూతిని ఇసుక బస్తాల వైపు తిప్పి, పక్కన నిలబడి పని మొదలుపెట్టాను. ఇత్తడి కడ్డీ కొసకు స్క్రూ మొన తగిలించి చేత్తోనే తిప్పుతూ రావాలి. ముందు గుడ్డపీలికల ఉండ వచ్చింది. దాని వెనక రావాల్సింది సీసపు గుండు. వచ్చినవి మేకులు, నాగలి కర్రు ముక్కలు, గుర్రపు నాడా తునక. ఆ తర్వాత ఇంకో పీలిక, దాని కింద పొడిపొడిగా నల్ల మందు.

ఈ రైఫిల్‌తో తన తండ్రి నరమాంసం మరిగిన పెద్దపులిని కొట్టాడని దొర చెప్పిన కథకు సెక్రటరీ అప్పటికే బోర్డు రాయించేశాడు. పులి మీదకు ఎవరూ మేకులు కూరరు. రైఫిల్‌లో అసలే కూరరు, గాళ్లు చెడిపోతాయి. అది గుమిగూడిన జనం మీదకు పెట్టే సరుకు. ఆ మాటే అన్నాను. మల్లయ్య మేకులను అరచేతిలో వేసుకుని చూశాడు. "గడి ముంగటికి అచ్చేది మావోళ్లే గదమ్మా," అన్నాడు.

చచ్చిపోయిందన్న మందును చిటికెడు రేకు మీద పోసి, పెరట్లో సెక్రటరీ ముందు అగ్గిపుల్ల ముట్టించాను. భగ్గుమంది. ఆయన ఎగిరి అవతల పడ్డాడు. అయినా పులి బోర్డు తీయమంటే మాత్రం ఒప్పుకోలేదు. "రాపిచ్చినం గద మేడమ్, మంచిగ కనవడ్తాంది," అన్నాడు. దాంతో పాటు తుపాకికి కూడా నికెల్ వేయిద్దామన్నాడు. వేస్తే మందు సంగతి మంత్రిగారికి నేనే చెబుతానన్నాను. నికెల్ మాట మళ్లీ ఎత్తలేదు. తుప్పును కిరోసిన్‌తో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తీశాను. నిపుల్ విప్పి రంధ్రం శుభ్రం చేశాను. కర్ర పగులును సరేసు బంకతో అతికి అవిసె నూనె పట్టించాను. ఇనుముకు మైనం పూత పెట్టాను. చూడ్డానికి ఆ తుపాకి దాని వయసుకు తగ్గట్టే ఉంది.

ప్రారంభోత్సవం రోజు దొర షేర్వానీలో వచ్చాడు. ఆయన ముందే మళ్లీ గజం దించి, ఖాళీ అని చూపించాను. కడ్డీ కొస సరిగ్గా నిపుల్ దగ్గరికి వచ్చింది. ఆయన వంగి మరీ చూశాడు. మంత్రిగారు వచ్చి దండలయ్యాక, "అరే మల్లీ, కొట్టు," అన్నాడు.

మల్లయ్య ముందుకొచ్చి టోపీ పెట్టాడు. తర్వాత తుపాకిని రెండు చేతులా దొర వైపు చాచాడు. "ఇయ్యాల్ల మీరు కొట్టుండ్రి దొరా. ఖాళీగున్నదని మేడమ్ మీ ముందటనే సూపిచ్చె," అన్నాడు. గొంతు పెంచలేదు, తల కూడా దించలేదు.

విషయం తెలియని మంత్రిగారు నవ్వుతూ, కొట్టండి మీ తాతగారి తుపాకే కదా అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. దొర చెయ్యి సగం లేచి ఆగిపోయింది. భుజం నొస్తాందన్నాడు. సెక్రటరీని కొట్టమన్నారు. ఆయన మైకు చూసుకోవాలని జారుకున్నాడు. మల్లయ్య అలాగే కాసేపు చాచి నిలబడి, సుత్తిని మెల్లగా దించి, తుపాకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. టోపీ తీసేసి దాన్ని అద్దాల పెట్టెలో పెట్టాను. ఆ రోజు టప్పుమనే చప్పుడు ఎవరూ వినలేదు.

ఆ తర్వాత సర్వీసంతా, ఏ వస్తువైనా ప్రమాదం లేనిదని ఎవరైనా హామీ ఇస్తే నేను వాదించలేదు. అయితే ముందు మీరు చేతిలోకి తీసుకోండి అనేదాన్ని. చాలామందికి సరిగ్గా అప్పుడే వేరే పని గుర్తొచ్చేది.