నంబర్ రాని కాల్

నాకు నోరు జాస్తి. మా ఇంటామె అంటది, గిరాకీలు అంటరు, నాకూ ఎరుకే. వేములవాడల బస్టాండు తొవ్వల సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం నాది. ఎవలన్న ఫోన్ తెస్తే రిపేరుకంటే ముందుగాల నాలుగు మాటలు తిడ్త. "జేబుల పెట్టుకొని తిరుగుడు కాదు, దాని సంగతి జర తెలుసుకోవాలె" అంట. గట్లనెటోణ్ని నేను చేసిన పని ఒకటున్నది. కనకవ్వ ముచ్చట చెప్తే అది గూడ చెప్పినట్టయితది.

కనకవ్వోళ్ల ఇల్లు మా గల్లీలనే. పద్మశాలోళ్లు. పొద్దుగాల పోయి బట్ట నేసే సాంచల కార్ఖానల కండెలకు దారం చుట్టుతది. సదువు రాదు గని చేతి పని మాత్రం మస్తు సాఫ్. ఆమె పెనిమిటి ముత్యం గూడ అండ్లనే సాంచలు నడిపెటోడు. కూలి గిట్టక ఐదేండ్ల కింద దుబాయ్ పోయిండు. మాకాడ ఏ అరబ్బు దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటరు. ఆడ పెద్ద పెద్ద బిల్డింగుల మీద ఇనుప పని చేస్తుండె.

దినాం పగటాల రెండింటికి, ఆడ వాళ్ల బువ్వ యాళ్లకు, ముత్యం నెట్ కాల్ చేస్తుండె. ఆ దేశంల గీ కాల్స్ సక్కగ నడువయి. ఎవలో దోస్తు ఆయన ఫోన్‌ల ఏదో తొవ్వ చేసిచ్చిండు. సాంచల సప్పుడుకు మాట వినరాదని కనకవ్వ ఫోన్ పట్టుకొని బయట గోడ పక్కకు ఉరుకుతుండె. "నెట్ వచ్చింది, జర ఆగుండ్రి" అంటుండె. ఆమెకు నెట్ అంటే ముత్యమే. తోటి ఆడోళ్లు నగుతుండె. "ఏమే కనకా, నీ నెట్ ఇయ్యాల బువ్వ తిన్నదా?" అని అడిగెటోళ్లు. "తిన్నదట, పప్పుచారట" అని ఆమె సిగ్గు పడకుంట చెప్తుండె.

నిరుడు ఎండలు ముదిరినప్పుడు ఒకనాడు ఆమె నా దుకాణంలకు ఉరికొచ్చింది. చేతిల ఫోన్ నడుస్తనే ఉన్నది. అండ్ల పోలీసు బట్టలేసుకున్నోడు ఒకడు. "నీ మొగని పేరు మీద వచ్చిన పార్సిల్‌ల మత్తుమందు దొరికింది. లైన్ కట్ చేస్తే ఇద్దర్ని అరెస్ట్ చేస్త" అని బెదిరిస్తుండు. నేను ఫోన్ గుంజుకొని వాని ఏడు తరాలను తిట్టి కట్ చేసిన. తెల్లారి ఠాణాల కానిస్టేబుల్ సారు చెప్పిండు, "గదంత నెట్ కాల్. ఇంటర్నెట్‌కెళ్లి చేస్తరు, ఎవని నంబరన్న వస్తది, ఒక్కోపారి నంబరే రాదు. దొరకడు వాడు" అని.

ఆ దినం సంది నాకు నెట్ కాల్ అంటే దొంగనాకొడుకుల కాల్ అయ్యింది. కనకవ్వ ఫోన్ తీసుకొని తాళమేసిన. ఫోన్‌ల పేరు లేని నంబరు, నంబరే రాని కాల్, ఒక్కటి గూడ మోగకుంట చేసిన. ఆమె అడిగింది.

"మరి మా ఆయనది, అన్నా?"

"ముత్యం పేరున్నది కద చెల్లె. ఆయనది మోగుతది."

"ఆయన ఇంకోల ఫోన్‌కెళ్లి చేస్తేనో?"

"ఎందుకు చేస్తడు? ఆయనకు ఫోన్ లేదా? నువ్వు ఎక్కువ తెలివి చెయ్యకు. పేరు రాని కాల్ వస్తే అసలు ఎత్తద్దు" అని కసిరిన. ఫోన్ కొంగుల చుట్టుకొని పోయింది.

రెండు నెలలు మంచిగనే గడిచినయి. ఒక సోమవారం రెండింటికి నెట్ రాలే. మంగళవారం రాలే. ఈమె చేస్తే ఆయన ఫోన్ బంద్ అని వస్తున్నది. నా దగ్గరికి వచ్చి అడిగితే, "చార్జింగ్ అయిపోయిందేమో, పరేషాన్ గాకు" అన్న. బుధవారం వచ్చింది, గదే మాట చెప్పిన. ముత్యంను ఆడికి పంపిన ఏజెంటు కంపెనీల అడుగుత అన్నడు, అడగలే. బేస్తారం నాడు ఆమె కార్ఖానకే పోలే. పొద్దుగాల్నే వచ్చి నా స్టూలు మీద కూసున్నది. మొఖం పీక్కపోయింది. కండెలు చుట్టే చేతులు, పని లేకపోయేసరికి కొంగు కొసనే చుట్టుతున్నయి.

పగటాల ఒంటిగంట దాటినంక అన్నది, "అన్నా, ఆ తాళం ఒక్కపారి తియ్యి."

"తీస్తే దొంగలొచ్చి పడ్తరు" అన్న.

"పడనియ్యి."

గట్ల ఆమె ఎన్నడు మాట్లాడలే. ఫోన్ తీసుకున్న. తాళం తీసే ముందు, ఆగిపోయిన కాల్స్ పట్టీ ఒకపారి తెరిచిన. ప్రైవేట్ నంబర్, ప్రైవేట్ నంబర్, ప్రైవేట్ నంబర్. వేలు పెట్టి ఎంత జరిపినా అయిపోతలేదు. అన్నీ సోమవారం సందియే. ఎక్కువ రెండింటి యాళ్లకు వచ్చినయే. అబద్ధమెందుకు, నాకు ముందుగాల వచ్చిన ఆలోచన గీ పట్టీ తుడిచేద్దామనే. సిగ్గు లేని మనిషిని.

కనకవ్వ నా భుజం మీదికెళ్లి తొంగిచూసింది. సదువు రాకున్నా ఒక్క తీరు అక్షరాలు వరుసగ కనపడ్తయి కద.

"గివన్ని ఏంది?"

"కాల్స్ చెల్లె. మోగకుంట ఆగినయి."

ఆమె నా మొఖం దిక్కు చూసింది. తిడ్తదనుకున్న, తిట్టలే. తాళం తీసి ఫోన్ బల్ల మీద పెట్టిన. ఒక గిరాకి వస్తే వాపస్ పంపిన. రెండయ్యింది. రెండూ పది అయ్యింది. నాకు అంగీ తడిసిపోయింది. రెండుంబావుకు ఫోన్ మోగింది. తెర మీద పేరు లేదు, నంబరు లేదు.

కనకవ్వ చెయ్యి చాపి, ఆపింది. "ఎత్తాల్నా అన్నా?" అని అడిగింది. ఇప్పటికి ఆ మాట నా చెవులనే ఉన్నది.

"ఎత్తు" అని స్పీకర్ నేనే ఒత్తిన.

"కనకా? ఎత్తినవా?" ముత్యం గొంతే. నీరసంగ ఉన్నది. "సోమవారం ఇనుప దూలం పాదం మీద పడ్డది. ఫోన్ గూడ నలిగిపోయింది. నీ నంబరొక్కటే నాకు నోటికొచ్చు. దవాఖానల ఒక మలయాళపాయన తన ఫోన్‌ల నెట్ కాల్ చేసిస్తుండు. నంబర్ రాదట దాంట్ల. పాదం తియ్యాలె అన్నరు డాక్టర్లు. నా పెండ్లానికి చెప్పకుంట సంతకం పెట్టనన్న. నీకు ఒక మాట చెప్పకుంట కాలెట్ల ఇయ్యాలె? చేసుడు, నువ్వు ఎత్తకపోవుడు. ఇప్పుడు విషం మీదికెక్కిందట. మోకాలు మీదికి తీస్తరట."

నేను గోడ దిక్కు తిరిగిన. కనకవ్వ ఏడుస్తదనుకున్న. ఆమె ఫోన్‌ను రెండు చేతులతోని పట్టుకున్నది.

"సంతకం పెట్టు. కాలుతోని నాకేం పని? నువ్వు రా."

ముత్యం వచ్చిండు. నాలుగు నెలలు పట్టింది. మొన్న చంకల కర్రలు పెట్టుకొని నా దుకాణంలకు వచ్చి కూసున్నడు, ఎనుక కనకవ్వ నిలబడ్డది. కొత్త ఫోన్ నా ముందట పెట్టిండు. చాయ్ తెప్పిచ్చిన. కాలు దిక్కు చూడద్దనుకుంటనే చూస్తున్న. చెప్పాల్నని నోరు తెరిచిన. అంతల ఆయనే అందుకున్నడు.

"కనక అంత చెప్పింది అన్నా. ఫోన్ మోగిందట. దొంగలేమోనని భయపడి ఎత్తలేదట. ఏం చేస్తం, సదువు రానిది కద, పిచ్చిది. ఇంట్ల గూడ ఏమనలే నేను."

కనకవ్వ దిక్కు చూసిన. ఆమె నా దిక్కే చూస్తున్నది. బల్ల మీది ఫోన్‌ను జర నా ముందటికి జరిపింది.

"ఆయన ఫోన్‌ల గూడ తాళమేమన్న ఉన్నదేమో చూడు అన్నా" అన్నది.

చూసిన. ఏం లేదు. లేదని చెప్పెతందుకు గూడ నాకు నోరు రాలే.