తప్పు పెట్టెది కాదు

పెళ్లయ్యాక నా కోసం నేను కొనుక్కున్న మొదటి పనికిరాని వస్తువు అది. పనికిరానిది అన్న మాట మా మామగారిది. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. జీతంలో కొంత కొంత దాచి, హైదరాబాదు నుంచి ఒక చిన్న అనలాగ్ సింథసైజర్ అనే వాద్యం తెప్పించుకున్నాను. టిఫిన్ బాక్సు కంటే కాస్త పెద్దది. కీబోర్డుల్లో మాదిరిగా వీణా వేణువుల చప్పుళ్లు దాంట్లో దాచిపెట్టి ఉండవు. లోపల తిరిగే కరెంటునే మీటలు తిప్పి స్వరంగా మలుచుకోవాలి. ఏళ్లుగా బోర్డు మీద గీసి చూపిస్తున్న కరెంటును ఒక్కసారి చెవులతో వినాలన్నది నా కోరిక.

విన్నాను. జుయ్‌మని ఒకటే రొద. ఏ మీటా ముట్టుకోకపోయినా స్పీకరులో కందిరీగల తుట్టె కదిపినట్టే ఉంది.

"పది రోజుల్లోపు వాపసు తీసుకుంటారంటగా. ఇచ్చెయ్, గొడవొదిలిద్ది," అన్నాడు మా ఆయన. ఆయన పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర లారీల పని చూసుకుంటాడు. చెడిన లారీని వెనక్కి పంపడమే ఆయనకు తెలిసిన మరమ్మతు.

నాకు ఒళ్లు మండింది. దీన్ని వాపసు పంపితే, ఇక ఈ ఇంట్లో నా కోసమని ఏది కొనుక్కోబోయినా ఈ పెట్టెనే చూపించి నోరు మూయిస్తారు. పంపేది లేదనుకున్నాను. ముందు తప్పెక్కడుందో తేలాలి.

స్పీకరు వైరు మార్చాను. రొద పోలేదు. సెల్‌ఫోను చార్జరు పెట్టి చూస్తే రొదకు తోడు సన్నటి ఈల కూడా మొదలైంది. అసలు అడాప్టరు తిరిగి పెడితే ఈల పోయింది, రొద మిగిలింది. వంటింట్లో ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా అది పెరిగేది. పెట్టె ఇనుప రేకు మీద అరచెయ్యి ఆనిస్తే తగ్గేది. రాసుకున్నాను ఇవన్నీ, పిల్లల రికార్డు పుస్తకంలో రాసినట్టు. ఆరో రోజు పొద్దున గోడ ప్లగ్గుతో పని లేకుండా పవర్‌బ్యాంకు తగిలించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిశ్శబ్దం. మీట నొక్కితే ఒకే ఒక్క స్వరం, కడిగిన గాజు గ్లాసులా శుభ్రంగా వచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను.

పెట్టె మంచిదే. రొద గోడలోంచి వస్తోంది.

టెస్టర్ తీసుకుని గోడ ప్లగ్గులో పైన ఉండే పెద్ద రంధ్రంలో పెట్టాను. అది ఎర్త్. అక్కడ టెస్టర్ వెలగకూడదు. వెలిగింది. హాల్లో, వంటింట్లో, పెరటి వరండాలో, ప్రతి ప్లగ్గులోనూ వెలిగింది. నా పెట్టె సంగతి అలా ఉంచి, ఈ ఇంట్లో ఇనుప వస్తువేది ముట్టుకున్నా ప్రమాదమే.

మామగారు వసారాలో పేపరు చదువుతున్నారు. పత్తి వ్యాపారం మానేశాక ఇంట్లో మేకు కొట్టాలన్నా, మోటారు విప్పాలన్నా ఆయన చెయ్యే. వెళ్లి చెప్పాను.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అన్నారు. "వాయిచ్చటం రాక కరెంటు మీద పడ్డావా?"

"మీటర్ బోర్డు దగ్గర ఎర్త్‌ని ఏం చేశారు మావయ్యా?"

ఆయన ఏమీ దాచలేదు. పైగా గర్వంగా చెప్పారు. "గాలివానకి స్తంభం కాణ్ణించి వచ్చే న్యూట్రల్ తెగిపోయింది. లైన్‌మన్ చుట్టూ ఎవుడు తిరుగుతాడు? ఎర్త్ లాగి దాని చోట తగిలిచ్చా. ఇరవయ్యేళ్ల నుంచి ఎవురికీ ఏం కాలా. నీ పెట్టె వచ్చినాక ఇల్లు చెడిందా ఏంది?"

పొలాల్లో మోటార్ల దగ్గర నేర్చుకునే విద్య ఇది. ఇల్లంతా వాడిన కరెంటు న్యూట్రల్ తీగ గుండా స్తంభానికి తిరిగి వెళ్లాల్సింది పోయి, పెరట్లోని ఎర్త్ గుంతలో దిగుతుంది. వానాకాలం ఎలాగో గడిచిపోతుంది. ఎండలకు నేల బీటలిస్తే అది దిగలేక ఎర్త్ వైరులోనే నిలబడుతుంది. నా పెట్టె దాన్ని వినిపించింది, అంతే.

ఆదివారం ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అతను బోర్డు చూసి తల గోక్కున్నాడు. "పెద్దాయన ఊఁ అంటేనే చెయ్యి పెడతానక్కా," అన్నాడు. పెద్దాయన ఊఁ అనలేదు.

నేను వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాను. దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మే నెల, మధ్యాహ్నం పన్నెండు. "న్యూట్రల్ సరిగ్గా వచ్చిందాకా ఈ ఇంట్లో ఫ్యాను తిరగదు మావయ్యా," అన్నాను. కుర్చీలోంచి లేవలేదు. మా ఆయన రెండుసార్లు వచ్చి కళ్లతో బతిమాలి వెళ్లాడు. మామగారు గంటన్నర పేపరుతో విసురుకున్నారు. చివరికి నా వైపు చూడకుండా, "చెయ్యనీ," అన్నారు ఎలక్ట్రీషియన్‌తో.

లైన్‌మన్ వచ్చి స్తంభం నుంచి కొత్త తీగ లాగాడు. ఎర్త్ గుంత కొత్తది కావాలంటే కూలీలు దొరకలేదు. గడ్డపార నేనే పట్టాను. రెండడుగులు దిగేసరికి సున్నపురాయి తగిలి నిప్పురవ్వలు లేచాయి. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసి, "ఏందమ్మా, లంకెబిందెలా?" అంది.

"లంకెబిందెలే పిన్నీ. దొరికితే నీకూ ఒకటిస్తా."

అరచేతులు బొబ్బలెక్కాయి. ఎలక్ట్రీషియన్ రాడ్డు దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ పోసి, నీళ్లు పట్టించాడు. బోర్డులో ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ విడదీసి దేని చోట దాన్ని బిగించాడు. మెయిన్ వేసి ప్రతి ప్లగ్గూ చూశాను. ఎర్త్‌లో టెస్టర్ ఎక్కడా వెలగలేదు. పెట్టెను గోడకే తగిలించి స్పీకరు ఆన్ చేశాను. రొద లేదు. హాలు మధ్యలో పెట్టుకుని, వీధిలోకి వినపడేట్టు, నాకు రాని పాటంతా వాయించాను. దుకాణం వాళ్లకు అప్పుడే ఫోన్ చేసి, వాపసు లేదని చెప్పేశాను.

"బాగయిందా నీ పెట్టె?" అన్నారు మామగారు.

"పెట్టె ముందు నుంచీ బాగానే ఉంది. చెడింది మన ఇల్లు."

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. గెలిచానన్న పొగరుతో పెరట్లోకి వెళ్లాను. అక్కడ అత్తయ్య తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, వాషింగ్ మిషన్ మీద అరచెయ్యి ఆనించి ఉంది. చెయ్యి తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

"జివ్వుమనట్లా," అంది.

"ఇంతకు ముందు అనేదా అత్తయ్యా?"

"నువ్వు కాపరానికి వచ్చిన కొత్తలోనే చెప్పా గదమ్మా, ముట్టుకుంటే కొడతందని. ఈయనకైతే ఎన్నేళ్లు చెప్పానో. ఇనలా."

గుర్తొచ్చింది. చెప్పింది. ఆ రోజు కాలేజీకి టైమైపోతోంది. చెప్పులేసుకుని ఉతకండి అత్తయ్యా అని నవ్వి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాను. వెళ్లి పిల్లలకు కరెంటు పాఠం కూడా చెప్పే ఉంటాను.

అత్తయ్య నా బొబ్బలెక్కిన చేతులు పట్టుకుని చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"పెట్టె అరిస్తే గుంత తవ్వావు," అంది. "నేను చెప్తే చెప్పులేసుకోమన్నావు."