రంగు పట్టని నూలు

ఎమ్మిగనూరులో నూలు అమ్మే షావుకారు ఈ రోజు రంగులద్దే హుసేనప్ప తాత మీద నింద వేశాడు. కొత్త నూలుకు రంగు మచ్చలు మచ్చలుగా పట్టిందట. "నీ చెయ్యి పాడైంది. రేపట్నుంచి పనికి రావద్దు," అన్నాడు.

నేత సంఘం కరపత్రాలు పంచే నేను ఊరుకుంటానా? వాటిలో చదివిందంతా అక్కడే అరిచి చెప్పాను. పత్తి అణువుల పొడవునా ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఉంటాయని, అవి హైడ్రోజన్ బంధాలతో రంగును పట్టుకుంటాయని, పాలిస్టర్‌లో ఆ జంటలు దాదాపు ఉండవని, ఈ నూలులో పాలిస్టర్ కలిసి ఉంటుందని. షావుకారు నవ్వాడు.

"అరిస్తే ఆయప్పకు తెలుస్తాదా? అగ్గిపుల్ల ఇయ్యప్పా," అన్నాడు తాత.

ఆ నూలు పోగు అంటించాడు. కొంత బూడిదై రాలింది. మిగతాది కరిగి నల్లపూసలా గట్టిపడింది.

"పత్తి కరగదు సామీ. ఇన్నేండ్లూ నీ నూలు కాల్చి సూడలా. నమ్మినా."

షావుకారు తల దించుకున్నాడు. "మిల్లువాళ్ళు నన్నూ మోసం చేసినారు తాతా. రేపు పనికి రా."

నా అరుపుల కన్నా అగ్గిపుల్లే మేలంటారా, చెప్పండి.

నేతన్నలారా, రేపు ఉదయం తొమ్మిదికి తాత రంగుతొట్టి దగ్గరికి రండి, కాల్చి చూడటానికి మీ నూలులోంచి తలా ఒక పోగు తీసుకుని. అగ్గిపెట్టె నాది. మాట్లాడేది మాత్రం తాతే.