అడుగున మిగిలిన పాలు

పన్నెండేళ్లుగా ఒక పాల గరిటె నా గుండె మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఏడుస్తాననుకోకండి. చేసిన దాంట్లో సగం మళ్లీ చేయమన్నా చేస్తాను. మిగతా సగానికే ఈ కాగితం.

మాది ధర్మసాగర్ దగ్గర పల్లె. ఊరి పాల కేంద్రంలో శాంపిల్ తీసే పని నాది. ఆడవాళ్లు తెచ్చిన పాలను గరిటెతో బాగా కలిపి, చిన్న సీసాలో కొన్ని పోసి మిషన్‌కు పెట్టాలి. వెన్న ఎంతుందో మిషన్ చూపిస్తుంది. దాన్ని బట్టే ధర. నా చదువు ఐదో తరగతి దగ్గరే ఆగింది. అయినా ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో, ఎవరి పాలు ఏ వానకు పలుచబడ్డాయో ఇవాళ అడిగినా వరసగా చెబుతాను.

ఆ ఏడు సర్కారు కొత్త ఉత్తర్వు తెచ్చింది. పాలు పోసేవాళ్లకు లీటరు మీద అదనంగా ఇస్తారట. ఊరంతా సంబరపడింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. వెన్న ఒక గీత దాటితేనే ఆ అదనం. పత్తిచెక్క కొని పెట్టే ఇంటి బర్రె గీత దాటుతుంది. గట్ల మీద గడ్డి కోసుకొచ్చి మేపే ఇంటి బర్రె ఎక్కడ దాటుతుంది? ఉన్నవాడి కంచంలోనే ఇంకో ముద్ద. ఆ రూలు రాసిన చేయి ఏనాడైనా పొదుగు కడిగిందా?

గీత వాళ్లదైతే గరిటె నాది. పాలు కాసేపు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా పైపైన ముంచితే పలుచటి పాలు కూడా గీత దాటుతాయి. నాలుగు పేదిళ్లకు అలా ముంచాను. తప్పంటారా? అనండి. నేను అనను.

అయితే ఒక చిక్కుంది. సాయంత్రం పాలు తీసుకెళ్లే డెయిరీ బండివాళ్లు, అందరి పాలూ పోసిన పెద్ద క్యాన్లను మళ్లీ పరీక్ష చేస్తారు. నేను కొందరికి పెంచితే ఇంకెవరికో తగ్గించాలి, లేకుంటే తేడా దొరికిపోతుంది. మొదట పది బర్రెలున్న ఒక ఆసామికి తగ్గించాను. ఆయన పాలలో పైభాగం ముందే పెద్ద క్యానులోకి వంపేసి, అడుగున మిగిలినవాటిలోంచి శాంపిల్ తీసేదాన్ని. దానికీ నాకు బాధ లేదు. కానీ నెల తిరక్కముందే ఆయన ప్రైవేటు డెయిరీకి మారిపోయాడు.

అప్పుడు కొమురమ్మ వంతు వచ్చింది. మా వాడకట్టే. మొగుడు పోయాక ఒక్క బర్రెతో బతుకుతున్న మనిషి. తాను పచ్చడి మెతుకులు తిని బర్రెకు పత్తిచెక్క పెట్టేది. చిక్కటి పాలు తెచ్చేవాళ్లు ఇంకా ఇద్దరున్నారు కదా, ఆమెనే ఎందుకు ఎంచుకున్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆ ఇద్దరూ మెడలు చాచి మిషన్‌లోకి చూసేవాళ్లు, నేను గరిటె ఎటు పెడితే వాళ్ల కళ్లు అటు తిరిగేవి. కొమురమ్మ చూసేది కాదు. నన్ను నమ్మేది. అందుకే.

ఒకరోజు అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

“అక్కా, మూడు వారాల సంది గీత దాటుతలేదు. నేను నీళ్లు కలుపుతాననుకుంటాన్రా అందరు?”

“నిన్నెవరంటరే? బర్రె ముసల్దైతాంది, గంతే. ఫికర్ చెయ్యకు.”

“నువ్వు ముసల్దానివైతానవ్, నా బర్రె గాదు. దానికిది మూడో ఈతనే!” అని పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. “మరి మిషన్ అబద్ధం చెప్తాందా?” అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. “నువ్వు చెప్పినంక ఇంక మిషన్‌తోటి నాకేం పనక్కా” అని, ఖాళీ క్యాను చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నోరు తెరవడానికి అంతకంటే మంచి ఘడియ రాదు. తెరవలేదు. ఆమె బర్రెకు దిష్టి తీసింది. ఇంకో బస్తా పత్తిచెక్క తెచ్చింది. నేను మాత్రం అడుగునుంచే తీశాను. చివరికి బర్రెను అంగడికి తోలుకుపోయి అమ్మేసింది. కొన్నది పక్క ఊరివాళ్లు. వాళ్ల కేంద్రంలో ఆ పాలు మొదటి రోజే గీత దాటాయి. ఆ మాట కొమురమ్మ చెవిన పడిందని తెలిసి, ఇక నా గుట్టు రట్టయిందని రెండు రోజులు గడప దాటలేదు. ఆమె నన్ను అనుమానించలేదు. తన చేతినే అనుమానించింది. తన చేతి గుణం మంచిది కాదట.

ఇంకొకటి దాచాను. నాలుగు పేదిళ్లన్నాను కదా. ఐదిళ్లు. ఐదోది మాది. మేం పత్తిచెక్క కొనలేనివాళ్లమేం కాదు.

ఆ ఉత్తర్వు ఎప్పుడో మారిపోయింది. పెట్టినవాళ్లకు గుర్తు కూడా ఉండదు. వాళ్లను నేనిప్పటికీ తిడతాను, తిట్టే హక్కు నాకు లేదని ఎవరన్నా అంటే వాళ్లనూ తిడతాను. కానీ మొన్న మా బర్రె ఈనిన రోజు నాకు జ్వరం. చూడవచ్చిన కొమురమ్మను జర పాలు పిండిపెట్టమన్నాను. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

“వద్దక్కా. నా చేయి తగిల్తె పాలు పలుచవడ్తయ్.”

ఆ చేతులను కొంగులోకి తోసింది సర్కారు కాదు. లేచి, జ్వరంతోనే నేను పిండుకున్నాను. అప్పుడూ చెప్పలేదు. ఎప్పుడు చెబుతానో, అసలు చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. అప్పుడు మిషన్‌లో తప్పుగా పడనిచ్చిన లెక్కను ఇక్కడ నా చేత్తో సరిగ్గా రాస్తున్నాను: కొమురమ్మ పాలు చిక్కటివి. తెచ్చిన ప్రతి పూటా చిక్కటివే.